అరిచే ములుకులు

ఆటోనగర్లో నా షెడ్డుకి
బాణాలు పట్టుకొచ్చిన మనిషి అతనొక్కడే.
బెంజి సర్కిల్ దగ్గర బస్సు దిగి నడిచొచ్చాడు,
గోనెపట్టాలో చుట్టిన అయిదు వెదురు బాణాలతో.
పేరు మండ్లి బయ్యన్న.
బొల్లాపల్లి అవతల గుట్ట మీద వాళ్ళ పెంట.
"పోయిన కార్తీకంలో నువ్వు చేసిచ్చినయ్యే, మీరావలీ.
ములుకులు అరుస్తున్నై."

లారీ కమాను కట్టల ఉక్కు అది.
బరువు తగ్గాలని రెక్కకి మూడేసి చిల్లులు తొలిచా.
చూట్టానికి బావుంటాయని కూడా.
అది మాత్రం అతనికి చెప్పలేదు.

గ్రైండరు ఆపి చెవి పెట్టా.
పక్కన రేకుల మీద సుత్తులు, ఎదురుగా కంప్రెసరు.
ఇనుము అరవకపోతే
ఈ వీధిలో ఎవడికీ కూడు లేదు.
"ఈడ గాదు," అన్నాడు.

రాత్రి పదకొండు దాటాక
యనమలకుదురు ఇసక తిప్పకి పోయాం,
నేనూ, అతనూ, నా దగ్గర పని నేర్చుకునే జోజీ.
దూరంగా ఊక బస్తా నిలబెట్టి
మధ్యలో ఇసక గుట్ట చాటున
మా ఇద్దర్నీ కూచోబెట్టాడు:
"తల ఎత్తమాకండి. చెవులెత్తండి."

నారి మోగింది. విన్నా.
బస్తా 'దబ్' మంది. అదీ విన్నా.
నడుమ ఏమీ లేదు.
"బానే ఉందిగా!" అన్నా.
జోజి మెడ లోపలికి లాక్కుని,
నెత్తి మీంచి పాము పోయినట్టు,
నా వంక చూశాడు.
"పోలీసు ఈలలా ఉంది మేస్త్రీ. నీకు వినపళ్ళా?"

ముప్పయ్యొక్కేళ్ళు గ్రైండరు ముందు నిలబడితే
సన్న చప్పుళ్ళు ముందు పోతాయట.
కుక్కరు విజిలు పోయింది. చిలకలు పోయాయి.
మా ఆవిడ తిట్లలో సగం పోయాయి.
పోయిన సంగతి ఎవరు చెప్తారు,
చెప్పినా ఏ చెవిన పడుతుంది?
నేను చేసిన ములికి అరుపు
నాకు తప్ప అందరికీ తెలుసు.
అడవిపందికి తెలుసు.

బయ్యన్న కోప్పడలేదు.
ఇసకలో వేలితో గీసి చూపించాడు:
ఈల ముందు పోతది, బాణం ఎనక పోతది.
పంది జానెడు జరుగుద్ది.
ఆ జానెడే పాపం.
గుండెకి తగలాల్సింది పొట్టకి తగిలి
వాగు పొడుగునా మూడు రోజులు
ఏడుస్తా తిరిగింది.
"దాని ఎనకే పోయినా. దొరకలా."

రొంటిన దోపిన మైనం ముద్ద తీశాడు.
తేనె పిండేసిన పట్టుది, ఇంకా పొగ వాసన.
జోజి దాన్ని అరచేతుల్లో మెత్తబరిచి
ఒక్కో చిల్లూ బొటనవేలితో పూడ్చాడు,
చంటిపిల్ల మాడుకి ఆముదం పెట్టినట్టు.
వదులైన చోట బయ్యన్న నార చుట్టాడు,
చీలిన ఈక అంచు కొరికి ఉమ్మాడు.

మళ్ళీ నారి మోగింది.
ఈసారి నేను చెవి పెట్టలేదు,
జోజి మెడ చూశా.
కదల్లేదు.
నిశ్శబ్దాన్ని నేను
కంటితో చూసింది అప్పుడే.

తిరిగొస్తూ, సిగ్గు కప్పుకోడానికి అన్నా:
"మైనం ఎన్నాళ్ళుంటుందిలే.
రేపు వెల్డింగు పెట్టి మూసేస్తా."
"వద్దు," అన్నాడు బయ్యన్న.
రోహిణి ఎండకి మైనం జారిపోద్ది,
బాణం మళ్ళీ అరుస్తది.
అప్పుడు అయ్యి ఈనే కాలం.
"ఇననీ. దాని రోజులు దానికీ ఉండాలిగా."

తెల్లారి మొదటి బస్సుకే పోయాడు.
డబ్బులు నేనడగలేదు, అతనివ్వనూ లేదు.
మిగిలిన మైనం డ్రిల్లు బిట్ల పక్కనే ఉంది.
రేకుల వేడికి రోజుకింత జారి
ఇవాళ బల్ల అంచుకొచ్చింది.

జోజికి బీసెంటు రోడ్డులో చెవిమూతలు కొన్నా.
పెట్టుకోడు.
మెడకి తగిలించుకుని తిరుగుతాడు.
పెట్టుకోరా అని అరుస్తా.
వాడికి వినపడుతుంది,
ఇంకా.